నడుం బాగుండగానే వార్డు దాటడం ఎలా

మంచం పట్టిన రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర ఒత్తిడి పుండ్లు పడతాయి. ఎనిమిది గంటల డ్యూటీలో ఒక్కో రోగిని నాలుగుసార్లు తిప్పాలి. వార్డులో అలాంటివాళ్ళు ఆరుగురుంటే ఇరవై నాలుగుసార్లు. దానికి తోడు మంచం మీంచి స్ట్రెచర్‌కి, స్ట్రెచర్ మీంచి స్కానింగ్ బల్లకి మార్చడం. బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగినవాళ్ళు పడిపోకుండా పట్టుకోవడం. ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకు రావడం. గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం. ఇదంతా నర్సు కేస్‌షీట్‌లో రాసే పని కాదు, నర్సు ఒంటి మీద రాసుకుపోయే పని.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థకు చెందిన థామస్ వాటర్స్ 2007లో ఒక లెక్క ఇచ్చాడు. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు దాటకూడదు. అదీ రోగి సహకరించి, మనం సరిగ్గా నిలబడి, దగ్గరగా పట్టుకున్నప్పటి మాట. ఆ లెక్కన 60 కిలోల మనిషిని ఎత్తడానికి నలుగురు కావాలి. మన దగ్గర ఇద్దరం ఎత్తుతాం. రాత్రిపూట ఒక్కోసారి ఒక సిస్టరూ, రోగి తాలూకు బంధువూ ఎత్తుతారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో మూడు మంచాలకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదు మంచాలకు ఒకరు ఉండాలి. నైట్ డ్యూటీలో ఆ లెక్క ఎక్కడుంటుందో వార్డులో పనిచేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు పదవీ విరమణ వయసు పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో 60 నుంచి 62కి పెంచాయి. వయసు పెంచారు గానీ వార్డులో పని మార్చలేదు. ప్రమోషన్ ఆలస్యమైన స్టాఫ్ నర్సు యాభై దాటాక కూడా అదే మంచాన్ని నెడుతోంది. ప్రైవేటు ఆసుపత్రిలో సంగతి వేరు. యాభై వచ్చిన సిస్టర్‌ను ఎవరూ పొమ్మనరు. ఐసీయూ నుంచి వార్డుకి, వార్డు నుంచి ఇంకెక్కడికో మారుస్తూ పోతారు, ఒకరోజు ఆమే రాజీనామా ఇస్తుంది. రోగి ముఖం చూసి బీపీ పడిపోతోందని చెప్పగల చూపు, పాతికేళ్ళ అనుభవం, ఆమెతోపాటు గేటు దాటి వెళ్ళిపోతాయి. అలా వెళ్ళిపోవలసిన అవసరం లేదు. ఒంటికి బరువైన పని నుంచి తప్పుకుని నర్సుగానే కొనసాగడానికి దార్లున్నాయి. అయితే ఆ దారి తయారు కావడానికి ఐదారేళ్ళు పడుతుంది. నలభైకి అటూఇటూ మొదలుపెడితే నలభై ఐదుకు పూర్తవుతుంది. నేను ఐసీయూలో పనిచేసి ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కి వచ్చినదాన్ని కాబట్టి ఆ దారి గురించి ఎక్కువ చెబుతాను, మిగతావి తెలిసినంత చెబుతాను.

ముందు ఒంటి లెక్క

ఒక నెల రోస్టర్ తీసుకోండి. ప్రతి డ్యూటీ అయ్యాక రెండు మాటలు రాయండి: ఏ పని తర్వాత నొప్పి వచ్చింది, పొద్దున లేచేసరికి తగ్గిందా. “నడుం నొప్పి” అని రాస్తే ఉపయోగం లేదు. రోగిని పైకి జరిపినప్పుడా, వంగి కాన్యులా వేసినప్పుడా, ఆరు గంటలు నిలబడ్డాకా, మెట్లు దిగేటప్పుడా అన్నది రాయాలి. నెల తిరిగేసరికి మీ ఒళ్ళు ఏ పనికి ఎదురు తిరుగుతోందో తెలుస్తుంది. రేపు దారి ఎంచుకోవడానికి ఇదే ఆధారం. ఎత్తడం వల్ల వచ్చే నొప్పికి ఒక ఉద్యోగం సరిపోతుంది, నిలబడటం వల్ల వచ్చే నొప్పికి ఇంకొకటి, నైట్ డ్యూటీల వల్ల పాడైన నిద్రకీ షుగర్‌కీ మరొకటి.

నొప్పి పిరుదు దాటి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినట్టు అనిపించినా రాసుకుంటూ కూర్చోవద్దు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. పనిచేసే ఆసుపత్రిలోనే కారిడార్‌లో డాక్టరును ఆపి నోటిమాటగా అడిగి మాత్రలు వేసుకోవడం మనకు అలవాటు. అది మానేసి ఓపీ చీటీ రాయించుకుని చూపించుకోండి. కాగితం మీద ఉన్న నొప్పికే తర్వాత విలువ.

డ్యూటీలో దెబ్బ తగిలితే, రోగిని పట్టుకోబోయి నడుం పట్టేస్తే, ఆ రోజే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళు ఈఎస్ఐ కిందికి వస్తారు. పనిలో గాయమై కొన్నాళ్ళు డ్యూటీ చేయలేకపోతే జీతంలో 90 శాతం వరకు ఈఎస్ఐ ఇస్తుంది. మామూలు జబ్బుకైతే 70 శాతమే. గాయం డ్యూటీలో జరిగిందని రాతపూర్వకంగా లేకపోతే ఈ తేడా మీకు దక్కదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఏమనుకుంటుందోనని ఊరుకున్నవాళ్ళు చాలామంది నష్టపోయారు.

దారి మారేదాకా ఉన్న నడుమును కాపాడుకోవాలి. మంచాన్ని మీ నడుం ఎత్తుకి లేపాకే పని మొదలుపెట్టండి. డ్రా షీట్ లేకుండా రోగిని పైకి లాగవద్దు. మెడ చుట్టూ చేతులు వేయించుకుని లేపవద్దు, ఆయన జారితే మీ మెడా జారుతుంది. స్లైడ్ షీట్, ట్రాన్స్‌ఫర్ బోర్డ్ ఖరీదైన వస్తువులేమీ కావు, ఇండెంట్‌లో రాసి అడగండి. పడిపోతున్న మనిషిని గాలిలో ఆపబోకుండా మీ కాలి మీదుగా మెల్లగా నేల మీదికి దింపండి.

కాగితాలు

చాలామంది ఈ పనిని చివరికి వదిలేస్తారు. ఇదే మొదట మొదలుపెట్టాలి, ఎందుకంటే ఎక్కువ కాలం పట్టేది ఇదే.

మన దగ్గర పెద్ద చిక్కు పేరుతోనే. టెన్త్ మెమో మీద పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. జీఎన్ఎం సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది. ఆధార్‌లో భర్త ఇంటిపేరు. పీఎఫ్‌లో హెచ్‌ఆర్ వాళ్ళు కొట్టిన స్పెల్లింగ్. వార్డులో ఇరవై ఏళ్ళు ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. యూనివర్సిటీ అడ్మిషన్ దగ్గర, ప్రభుత్వ నోటిఫికేషన్ దగ్గర, పీఎఫ్ డబ్బు దగ్గర పట్టించుకుంటారు. టెన్త్ మెమో మీద ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నీ దానికి సరిచేసుకోవడం నాకు తెలిసినంతలో తేలికైన దారి. పీఎఫ్‌లో పేరూ పుట్టినతేదీ మార్చడానికి ఉద్యోగీ యజమానీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ ఉంటుంది. పాత ఆసుపత్రి మూతపడక ముందే ఆ పని చేయించుకోండి.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఉండాలి. దేశవ్యాప్త రిజిస్టర్‌లో పేరు చేరి, ఎన్‌యూఐడీ నంబరు వచ్చి ఉండాలి. రెన్యువల్‌కు నిరంతర విద్యా గంటలు అడుగుతారు కాబట్టి వెళ్ళిన ప్రతి సదస్సు సర్టిఫికెట్టూ ఒకే ఫైల్లో పెట్టండి. ఇక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. “2008 నుంచి 2014 వరకు స్టాఫ్ నర్సుగా పనిచేశారు” అని ఒక్క ముక్క రాసిస్తే మీ అనుభవం కనబడదు. ఏ విభాగంలో, ఎన్ని పడకల యూనిట్‌లో, ఇన్‌ఛార్జ్‌గా ఎన్నాళ్ళు అన్నది రాయించుకోండి. అడిగితే రాసిస్తారు, అడగనివాళ్ళకే ఒక్క ముక్క. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రిలోనైనా ఉండిపోతే రాతపూర్వకంగా అడిగి వెనక్కి తెచ్చుకోవడం కూడా ఈ దశలోనే పూర్తి కావాలి.

తేలిక అనిపించే బరువు పనులు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. వార్డు కష్టమని తేలికైనవిగా కనిపించే ఉద్యోగాల్లోకి దూకి ఇంకా కష్టపడినవాళ్ళున్నారు.

హోమ్ కేర్ నర్సింగ్ అందులో మొదటిది. ఒకే రోగి, ఇంటి వాతావరణం, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ ఒక్క రోగినీ మీరు ఒక్కరే ఎత్తాలి. లేపే మంచం ఉండదు, ఆయమ్మ ఉండదు, పిలిస్తే వచ్చే తోటి సిస్టర్ ఉండదు. నడుం నొప్పితో వార్డు వదిలినవాళ్ళు వెళ్ళకూడని చోటు అదే. క్యాథ్‌ల్యాబ్‌లో రోగుల్ని తిప్పే పని తక్కువే, అయితే గంటల తరబడి నాలుగైదు కిలోల సీసపు ఏప్రాన్ భుజాల మీద మోయాలి. ఆపరేషన్ థియేటర్‌లో నిలబడాలి. సీఎస్ఎస్‌డీలో రోగులే ఉండరు గానీ పరికరాల ట్రేలు బరువు. ఓపీలో ఎత్తేదేమీ లేకపోయినా మోకాళ్ళు అరిగినవాళ్ళకు అది సరిపడదు.

మెడికల్ కోడింగ్‌కు హైదరాబాద్‌లో ఉద్యోగాలున్నాయి. కేస్‌షీట్ చదవగల నర్సుకు ఆ పని త్వరగా వస్తుంది. సీపీసీ పరీక్ష రాస్తే తలుపు తెరుచుకుంటుంది. అయితే రోజంతా కుర్చీలో కూర్చోవాలి, గంటకు ఇన్ని చార్టులని లెక్క ఉంటుంది. డిస్క్ జారినవాళ్ళకు నిలబడటం కంటే కూర్చోవడమే ఎక్కువ బాధ. పైగా అక్కడ మీ ఇరవై ఏళ్ళ అనుభవానికి జీతం కట్టరు, కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన కుర్రవాళ్ళతో సమానంగా మొదలుపెట్టాలి. ఒంటికి సరిపడితే వెళ్ళండి, కాదనను. నర్సు నైపుణ్యం మాత్రం అందులో పావు వంతే వాడకానికి వస్తుంది.

ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ డెస్కులు దానికన్నా మేలు. ఏ చికిత్సకు ఏ రిపోర్టు జతచేయాలో, ముందస్తు అనుమతి ఎందుకు తిరిగొచ్చిందో నర్సుకు ఇట్టే అర్థమవుతుంది. అనుమతి కోసం కిటికీ దగ్గర నిలబడిన రోగి బంధువుకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగే మనిషి ఆ డెస్కులో ఉండటం పెద్ద ఉపకారం.

పల్లెలో ఉండటానికి ఇష్టపడేవాళ్ళకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. బీపీ, షుగర్ పరీక్షలు, గర్భిణుల నమోదు, మందుల పంపిణీ, టెలి మెడిసిన్ అందులో పనులు. ఎత్తే పని లేదు, నైట్ డ్యూటీ లేదు. కాంట్రాక్టు ఉద్యోగమని, నోటిఫికేషన్‌లో వయసు పరిమితి ఉంటుందని గుర్తుంచుకోండి. నలభై దాటాక చూద్దాంలే అనుకునే దారి కాదది.

చదువు

జీఎన్ఎం చేసినవాళ్ళకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందున్న కాలేజీల్లో చేయవచ్చు. ఉద్యోగం వదలలేనివాళ్ళ కోసం ఇగ్నో మూడేళ్ళ కోర్సు నడుపుతోంది, ప్రవేశ పరీక్ష రాయాలి. బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ నర్సింగ్ మరో రెండేళ్ళు. బోధనలో పైకి రావాలంటే ఎమ్మెస్సీ తప్పదు. స్కూల్లో, కాలేజీలో ట్యూటర్‌గా చేరడానికి బీఎస్సీ, వార్డు అనుభవం సరిపోతాయి.

బోధన గురించి ఒక మాట. పుస్తకం చదివి పాఠం చెప్పే ట్యూటర్లు దొరుకుతారు. సెప్సిస్‌లోకి జారుతున్న రోగి మొదట ఎలా ఉంటాడో చూసినదాన్ని చూసినట్టు చెప్పేవాళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళు వార్డులో ఉన్న సిస్టర్ క్లాసులో నిలబడితే పిల్లలకు దొరికేది అదే. ఒక్కటే హెచ్చరిక: జీతాలు కాలేజీని బట్టి బాగా మారతాయి, నెలనెలా వస్తాయా అన్నది కూడా చేరే ముందే అక్కడ పనిచేసేవాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లోకి అడుగుపెట్టే తీరు

ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ప్రతి ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉండాలి. అంటే ఈ ఉద్యోగం ఆసుపత్రికి తప్పనిసరి. దీనికి రోజంతా నడవాలి, నిజమే. కానీ ఎత్తే పని లేదు. నైట్ డ్యూటీ దాదాపు ఉండదు.

పోస్టు ఖాళీ అయ్యేదాకా ఆగకండి. వార్డులో ఉంటూనే పని మొదలుపెట్టవచ్చు. మొదటి మెట్టు చేతులు కడుక్కునే లెక్క. రోగిని తాకే ముందు, శుభ్రత తప్పకూడని పని చేసే ముందు, రక్తం వంటి స్రావాలు అంటే ప్రమాదం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకాక: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలివి. రోజుకు పావుగంట ఒక మూల నిలబడి ఎన్ని సందర్భాలు వచ్చాయి, ఎన్నిసార్లు చేతులు శుభ్రం చేసుకున్నారు అన్నది టిక్కులు పెట్టండి. పేర్లు రాయకండి. డాక్టర్లు, నర్సులు, ఆయాలు అని వర్గాలుగా రాయండి. నెల తర్వాత శాతం కట్టి చూస్తే, అంతవరకూ అందరూ కబుర్లాడుకున్న విషయం అంకెగా మీ ముందుంటుంది.

రెండో మెట్టు కాథెటర్ లెక్క. రోజూ ఒకే వేళకు యూనిట్‌లో ఎందరికి యూరినరీ కాథెటర్ ఉందో రాయండి. నెల మొత్తం కూడితే కాథెటర్ రోజులు. కాథెటర్ వేసి రెండు రోజులు దాటాక జ్వరం వంటి లక్షణాలు కనబడి, కల్చర్‌లో నిర్దేశించినంత సంఖ్యలో క్రిములు పెరిగితే అది కాథెటర్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌గా లెక్కకొస్తుంది. నెలలో 400 కాథెటర్ రోజులకు రెండు ఇన్ఫెక్షన్లు వచ్చాయనుకోండి. రెండును 400తో భాగించి వెయ్యితో గుణిస్తే ఐదు. వెయ్యి కాథెటర్ రోజులకు ఐదు ఇన్ఫెక్షన్లు అని చెబుతాం. సెంట్రల్ లైన్‌కూ, వెంటిలేటర్ న్యుమోనియాకూ ఇదే తీరు. లెక్కలంటే భయపడే సిస్టర్లకు ఇదే నేను చెప్పేది: ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు కూడగలిగిన మనిషి ఇది చేయగలదు. ఎక్సెల్ మాత్రం నేర్చుకోవాలి. కూడికలు, సగటులు, ఒక గ్రాఫ్ గీయడం, అంతవరకు చాలు.

ఈ లెక్కలో మీ వార్డు అనుభవం ఎక్కడ పనికొస్తుందో చూడండి. కాథెటర్ రోజులు ఎందుకు పెరుగుతున్నాయి? తీసేస్తే రోగిని రెండు గంటలకోసారి బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళాలి లేదా బెడ్‌పాన్ పెట్టాలి, రాత్రి అంత మనుషుల్లేరు, అందుకే కాథెటర్ అలాగే ఉండిపోతుంది. ఇది గణాంకాల పుస్తకం చెప్పదు. వార్డులో చేసినవాళ్ళకే తెలుసు. రాత్రి షిఫ్టుకు ఒక ఆయమ్మను అదనంగా ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ఆసుపత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ముందు ఆధారంతో చెప్పగలిగేది ఆ నర్సే. తన నడుమును కాపాడుకోవడానికి వచ్చిన మనిషి, వెనక ఉన్నవాళ్ళ నడుములనూ కాపాడగలదు.

మూడో మెట్టు బయోమెడికల్ వ్యర్థాలు. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన డ్రెస్సింగులు పసుపు సంచిలోకి, ఐవీ సెట్లు, కాథెటర్లు, గ్లోవ్స్ ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్లటి డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్ళాలి. ఇది అందరికీ తెలిసిందే. తప్పు ఎక్కడ జరుగుతోందో, ఏ షిఫ్టులో, ఏ డబ్బా దూరంగా ఉండటం వల్ల జరుగుతోందో కనిపెట్టడమే పని.

సూది గుచ్చుకున్నవాళ్ళను చూసుకోవడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. కొత్తగా చేరిన అమ్మాయి రాత్రి రెండు గంటలకు వణుకుతూ ఫోన్ చేస్తుంది. వేలు పిండవద్దు, సబ్బూ నీళ్ళతో కడుగు, ఎవరి రక్తమో వాళ్ళ రిపోర్టులు చూడు అని చెప్పాలి. హెచ్‌ఐవీ ప్రమాదం ఉంటే మందు వీలైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, కోర్సు 28 రోజులు. హెపటైటిస్-బి టీకా పూర్తయిందా, యాంటీబాడీలు ఉన్నాయా చూడాలి. ఈ వివరాలకన్నా ముందు, “నీ తప్పేం లేదమ్మా, నేను వస్తున్నా” అనే గొంతు ఆమెకు కావాలి. ఇరవై ఏళ్ళ నర్సింగ్ ఆ గొంతులో ఉంటుంది.

మూడు నెలల లెక్కలు చేతికొచ్చాక నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళండి. “మేడమ్, నడుం నొప్పిగా ఉంది, తేలికైన చోట వేయండి” అంటే ఆమె చేతిలో ఉన్నది ఓపీ మాత్రమే. “మేడమ్, మన యూనిట్‌లో కాథెటర్ ఇన్ఫెక్షన్ల లెక్క మూడు నెలలు రాశాను. ఒకసారి చూస్తారా? ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో వారానికి రెండు రోజులు పనిచేయడానికి వీలుంటుందా?” అని అడిగితే మాట మారిపోతుంది. ఆ అడిగిందే ఒక దరఖాస్తుగా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆపైన మైక్రోబయాలజీ డాక్టరుతో పరిచయం పెంచుకోండి. కల్చర్ రిపోర్టులు ఎలా చదవాలో నేర్పగలిగేది వాళ్ళే.

కష్టమైన చోటు పెద్ద డాక్టర్లతో వస్తుంది. సర్జన్ చేతులు కడుక్కోకుండా గాయం విప్పబోతే, ఆయనను ఆపాల్సింది మీరు. అందరి ముందూ అనకండి. శానిటైజర్ సీసా చేతికందించి “సర్, ఒక్క నిమిషం” అనండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. సరిపోని చోట కమిటీ సమావేశంలో అంకె మాట్లాడాలి.

డబ్బు

ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడాల్సిన భాగమిది. నైట్ అలవెన్సు, ఓవర్‌టైమ్ పోతాయి. కొత్త చోట మొదటి రెండేళ్ళు జీతం తగ్గవచ్చు. ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టాకే మారండి. పిల్లల కాలేజీ ఫీజులు మొదలయ్యే ఏడాదీ, మీరు ఉద్యోగం మారే ఏడాదీ ఒకటి కాకుండా చూసుకోండి.

గ్రాచ్యుటీకి మామూలుగా ఒకే చోట ఐదేళ్ళు పూర్తి కావాలి. నాలుగేళ్ళ మీద కొద్ది నెలలకే విసిగి రాజీనామా ఇచ్చినవాళ్ళను చూసి బాధపడ్డాను. లెక్క ఇది: చివరి బేసిక్, డీఏ కలిపి 15,000 అనుకుంటే దాన్ని పదిహేనుతో గుణించి ఇరవై ఆరుతో భాగించి, పనిచేసిన ఏళ్ళతో గుణించాలి. పన్నెండేళ్ళకు దాదాపు 1,03,800 రూపాయలు వస్తాయి.

పీఎఫ్ సంగతి ఇంకా ముఖ్యం. ఆసుపత్రి మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసి వాడేసుకోవడం మనలో మామూలైపోయింది. దాంతోపాటు పింఛను సొమ్ము కూడా తీసేస్తే అప్పటిదాకా ఉన్న పింఛను సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. ఉద్యోగుల పింఛను పథకం 1995 కింద పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు పింఛను వస్తుంది. యాభై నుంచే తీసుకోవచ్చు గానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. 15,000 జీతం మీద పద్నాలుగేళ్ళ సర్వీసుకు నెలకు 3,000 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ బతికినంతకాలం వస్తుంది. అందుకే పాత ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ కిందికి మార్చుకోండి. ఆసుపత్రి ఇచ్చే ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, నడుం నొప్పి రికార్డుల్లో పెద్దది కాకముందే సొంతంగా ఒక ఆరోగ్య బీమా తీసుకోవడం మంచిది. ఉన్న జబ్బు దాచి మాత్రం తీసుకోవద్దు, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

దాటాక

మొదటి ఏడాది చేతులు ఊరికే ఉండవు. ఐసీయూ దాటి నడుస్తుంటే మానిటర్ అలారం వినబడి కాళ్ళు అటు పోతాయి. అత్యవసరమైతే వెళ్ళండి, నర్సు నర్సే. కానీ మనుషులు తక్కువున్నారని రోజూ వార్డు డ్యూటీకి లాగుతుంటే ఒప్పుకోవద్దు. కొత్త పోస్టు ఆర్డర్‌లో మీ పని వివరం రాయించుకుని ఉండాలి, ఆ కాగితమే మీకు అండగా నిలబడుతుంది. బీఎల్‌ఎస్ సర్టిఫికెట్ రెండేళ్ళకోసారి పునరుద్ధరించుకుంటూ ఉండండి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వదిలేయకండి. దారి మార్చుకున్నా నర్సుగా మీ హక్కు దానితోనే ఉంది.

యాభై దాటిపోయింది, ఇప్పుడెలా అనేవాళ్ళకు పూర్తి దారి కష్టమే. అయినా ఎత్తే పనులు తప్పించమని డాక్టరు సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా అడగవచ్చు. కొత్త నర్సులకు శిక్షణ, డయాబెటిస్ కౌన్సెలింగ్, డిశ్చార్జ్ సలహాలు, ఆడిట్ల వంటివి అదే ఆసుపత్రిలో అడిగి తీసుకోవచ్చు. చదువుతో పనిలేని చోట్లివి.

ఆసుపత్రి యజమానులకూ, నర్సింగ్ సూపరింటెండెంట్లకూ ఒక విన్నపం. ఇన్ఫెక్షన్ కంట్రోల్, క్వాలిటీ, శిక్షణ, ఇన్సూరెన్స్ పోస్టు ఖాళీ అయినప్పుడు బయట ప్రకటన ఇచ్చే ముందు మీ వార్డుల్లో నలభై దాటిన సిస్టర్లకు సర్క్యులర్ పంపండి. అర్హత ఒక మెట్టు తక్కువైతే కోర్సు చేయడానికి సెలవు ఇవ్వండి. ప్రతి అంతస్తుకూ స్లైడ్ షీట్లు కొనండి. సిస్టర్లకు చెప్పేది ఇంతే: మీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, టెన్త్ మెమో, పీఎఫ్ పాస్‌బుక్ ఈ వారంలోనే బయటికి తీసి మూడింటి మీదా పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి.